రసాయనశాస్త్రమా, కెమికల్ ఇంజనీరింగా?

"రెండింటిలోనూ ఉన్నది రసాయనమే గదా, ఏది చదివితేనేం?" అని విద్యార్థులు తరచు అడుగుతారు.

గాజుకుప్పెలో వేడి పుట్టించే చర్య ఒకటి జరుగుతున్నదనుకుందాం. కుప్పె కొలతలన్నీ పదింతలు చేస్తే లోపలి ద్రవం 1,000 రెట్లవుతుంది. వేడి బయటికి పోవలసిన ఉపరితలం మాత్రం 100 రెట్లే! కుప్పెలో నిదానంగా సాగిన చర్య పెద్ద తొట్టిలో పేలిపోవచ్చు. చర్య ఎందుకు జరుగుతుందో శోధించడం రసాయనశాస్త్రజ్ఞుని పని. ఆ వేడిని లెక్కగట్టి తొట్టిని రూపొందించడం ఇంజనీరు పని.

బి.యస్సీ. తర్వాత బి.ఇడి. చేసి ఉపాధ్యాయులు కావచ్చు, ఎం.యస్సీ. చేసి మందుల పరిశోధనలో చేరవచ్చు. బి.టెక్. వారికి నాలుగేళ్లకే కర్మాగారం.

పదవ తరగతిలోనే చెప్పవలసిన సంగతొకటి ఉంది: ఇంటర్‌లో గణితం వదిలి జీవశాస్త్రాలు తీసుకున్నవారికి రసాయనశాస్త్రం అందుతుంది గాని, కెమికల్ ఇంజనీరింగ్ అందదు.