అయాన్లకే పెద్ద వాటా
అయస్కాంత బలరేఖలు తెగి అతుక్కున్నప్పుడు పుట్టే వేడి ఎక్కడికి పోతుందో ప్రయోగశాలలు లెక్క తేల్చాయి

సూర్యుడి ఉపరితలంపై ఉష్ణోగ్రత దాదాపు 5,500 డిగ్రీల సెల్సియస్. దాని చుట్టూ ఆవరించిన కరోనాలో మాత్రం 10 లక్షల డిగ్రీల పైమాటే. పొయ్యికి దూరం జరిగేకొద్దీ సెగ పెరిగినట్టుండే ఈ విడ్డూరానికి శాస్త్రవేత్తలు చెప్పే ముఖ్య కారణాల్లో ఒకటి మాగ్నెటిక్ రీకనెక్షన్. ఎదురెదురు దిశల్లోని అయస్కాంత బలరేఖలు దగ్గరకొచ్చి, తెగి, కొత్త జతలుగా అతుక్కోవడమే ఇది. అప్పటిదాకా క్షేత్రంలో దాగిన శక్తి ఒక్కసారిగా బయటపడుతుంది. మరి అది ఎవరికి చేరుతోంది?

సూర్యుడి మీదికెళ్లి కొలవడం అసాధ్యం. అందుకే అమెరికాలోని ప్రిన్స్‌టన్ ప్లాస్మా ఫిజిక్స్ లాబొరేటరీలో 1995లో ఎంఆర్ఎక్స్ అనే పరికరాన్ని ప్రారంభించారు. అందులో ఈ ప్రక్రియను కృత్రిమంగా సృష్టించిన మసాకి యమదా బృందం 2014లో లెక్క తేల్చింది. అయస్కాంత శక్తిలో దాదాపు సగం కణాలకు చేరింది. అందులో మూడింట రెండు వంతులు అయాన్లకు, ఒక వంతు ఎలక్ట్రాన్లకు దక్కాయి.

కారణం బరువులో ఉంది. ఎలక్ట్రాన్లు తేలిక, చప్పున దారి మార్చుకుంటాయి. హైడ్రోజన్ అయాన్ వాటికన్నా 1,836 రెట్లు బరువు, వెంటనే మళ్లలేదు. ఈ తేడా వల్ల రేఖలు కలిసేచోట బలమైన విద్యుత్ క్షేత్రం ఏర్పడి అయాన్ల వేగం పెంచుతుంది. బయటికి దూసుకొచ్చిన అయాన్లు మళ్లీ అయస్కాంత క్షేత్రానికి చిక్కి కలగాపులగమవుతాయి. వేగం వేడిగా మారుతుంది.

ఇది కేంద్రక సంలీన పరిశోధకులకు శుభవార్త. సంలీనంలో ఢీకొని కలవాల్సింది అయాన్లే కాబట్టి, వేడెక్కాల్సిందీ అవే. బ్రిటన్‌లోని కల్హామ్‌లో మాస్ట్ యంత్రంలో రెండు ప్లాస్మా వలయాలను కలిపి అయాన్లను సుమారు కోటి డిగ్రీలకు చేర్చారు. అయస్కాంత క్షేత్రం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుందని టోక్యో విశ్వవిద్యాలయ ప్రయోగాల్లో తేలింది.

అయితే ప్రయోగశాల పొర చిన్నది, సూర్యుడిపై రేఖలు ఏకకాలంలో అనేకచోట్ల తెగుతాయి. ఆ తేడాను పరీక్షించేందుకే ప్రిన్స్‌టన్‌లో ఫ్లేర్ అనే పెద్ద పరికరం నిర్మించారు. ఈ శోధన ప్రయోజనం భూమ్మీద కూడా ఉంది. 1989 మార్చిలో సౌర తుపాను దెబ్బకు కెనడాలోని క్యుబెక్‌లో 60 లక్షల మంది దాదాపు 9 గంటలు కరెంటు లేక చీకట్లో గడిపారు. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న ఎగిరిన ఆదిత్య-ఎల్1 లక్ష్యాల్లోనూ కరోనా వేడి, సౌర తుపాన్ల మూలాల అన్వేషణ ఉన్నాయి. అది దూరం నుంచి చూసేదాన్ని అర్థం చేసుకోవడానికి ఇలాంటి గది లోపలి లెక్కలే ఆధారం.