కోట్ల పేజీల్లో ముందు నిలిచేది ఏది?

మా పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలు "పాము కరిస్తే ఏం చేయాలి?" అని ఒక వెబ్ పేజీ తయారు చేశారు. కరిచిన చోట కోయకూడదనీ, నోటితో విషం పీల్చకూడదనీ, తాడుతో బిగించి కట్టకూడదనీ, కాలో చెయ్యో కదలకుండా ఉంచి వెంటనే విరుగుడు ఇంజెక్షన్ దొరికే ఆసుపత్రికి చేర్చాలనీ చక్కగా రాశారు. ఒక డాక్టరు గారికి చూపించి తప్పులు కూడా దిద్దించారు. తీరా సెర్చ్ ఇంజన్‌లో వెతికితే ఆ పేజీ ఎక్కడా కనిపించలేదు! పైగా, కాటుపడ్డ చోట బ్లేడుతో గాటు పెట్టమనే పేజీ ఒకటి ముందుగా కనిపించింది.

"మాస్టారూ, తప్పు చెప్పినవాళ్లు ముందు, ఒప్పు చెప్పినవాళ్లం వెనకా? ఇదేం న్యాయం?" అన్నారు పిల్లలు.

దీనికి జవాబు కావాలంటే సెర్చ్ ఇంజన్ పనిచేసే తీరు తెలుసుకోవాలి.

మీరు ప్రశ్న టైపు చేయగానే అది అప్పటికప్పుడు ప్రపంచమంతా గాలిస్తుందనుకుంటున్నారా? అలా చేయదు. 'సాలీళ్లు' అని పిలిచే కంప్యూటర్ ప్రోగ్రాములు ఒక పేజీ నుంచి మరో పేజీకి, లింకుల వెంట ముందే తిరిగి వస్తాయి. చదివిన పదాలన్నిటితో సెర్చ్ ఇంజన్ ఒక పదసూచిక తయారు చేసుకుంటుంది. లావుపాటి పుస్తకాల చివర ఏ పదం ఏ పేజీలో ఉందో చూపే పట్టిక ఉంటుంది చూడండి, అలాంటిదే ఇది. మనం అడిగినప్పుడు ఆ పట్టికనే తిరగేస్తుంది. అందుకే రెప్పపాటులో జవాబు వస్తుంది.

అయితే "పాము" అనే పదం లక్షల పేజీల్లో ఉంటుంది. వాటిలో దేన్ని ముందు చూపాలి? అసలు చిక్కు ఇక్కడే ఉంది.

1990ల నాటి సెర్చ్ ఇంజన్లు ఎక్కువగా పేజీలోని పదాలను చూసే వరుస నిర్ణయించేవి. ఇది గ్రహించిన కొందరు ఒకే మాటను వందసార్లు రాసేవారు. తెల్లని కాగితం మీద తెల్ల సిరాతో రాసినట్లు, చదివేవారికి కనపడకుండా తెరమీద తెల్ల అక్షరాలు దాచేవారు. మనిషి కంటికి ఆనకపోయినా యంత్రం వాటిని లెక్కపెట్టేది!

1998లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ మరో మార్గం చూపారు. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి మంచి దర్జీ ఎవరని అడిగాడనుకోండి. "నేనే గొప్ప" అని బోర్డు పెట్టుకున్నవాడిని నమ్ముతాడా? పదిమందీ చూపించినవాడి దగ్గరికి వెళ్తాడు. ఆ పదిమందిలో ఊరంతా గౌరవించే పెద్దమనిషి ఉంటే ఆ మాటకు మరింత విలువ. ఒక పేజీ నుంచి మరో పేజీకి ఉన్న లింకు కూడా అలా వేలుపెట్టి చూపించడమే. ఈ లెక్కకు పేజ్ గారి పేరుమీద 'పేజ్‌ర్యాంక్' అని పేరు వచ్చింది. అదే ఏడాది వారు గూగుల్ సంస్థను స్థాపించారు.

చిన్న లెక్క చేద్దాం. క, గ, చ అని మూడే పేజీలున్నాయి. క నుంచి గ కు, చ కు లింకులున్నాయి. గ నుంచి చ కు, చ నుంచి క కు ఒక్కొక్కటి ఉన్నాయి. మొత్తం 100 మార్కులు. ప్రతి పేజీ తన మార్కులను తాను చూపే పేజీలకు సమానంగా పంచాలి. ఇలా పంచుతూ పోతే చివరికి క కు 40, గ కు 20, చ కు 40 దగ్గర లెక్క నిలుస్తుంది. సరిచూడండి: క తన 40ని సగం చేసి గ కు 20, చ కు 20 ఇస్తుంది, గ తన 20ని చ కు ఇస్తుంది, చ తన 40నీ క కే ఇస్తుంది. గమనించారా? క కూ గ కూ వచ్చే లింకు ఒక్కటే. అయినా క కు రెట్టింపు మార్కులు! దానిని చూపించిన పేజీ మరెవరినీ చూపలేదు కనుక. అసలు లెక్కలో మరికొన్ని సవరణలున్నా కీలకం ఇదే.

దీన్నీ మోసం చేయబోయారు. ఉత్తుత్తి పేజీలు వందలకొద్దీ సృష్టించి ఒకదానికొకటి లింకులు ఇచ్చుకున్నారు, డబ్బిచ్చి లింకులు కొన్నారు. 2012లో గూగుల్ 'పెంగ్విన్' అనే సవరణతో అలాంటి పేజీలను వెనక్కి నెట్టింది. నేడు లింకులే కాక శీర్షిక, విషయం, పేజీ తెరుచుకునే వేగం, ఫోనులో చదవడానికి అనువుగా ఉందా లేదా వంటి ఎన్నో అంశాలు లెక్కలోకి వస్తాయి.

ఇక మా పిల్లల పేజీ చూద్దాం. అందంగా ఉండాలని చార్టు మీద రాసి, దాని ఫోటో పెట్టారు. ఫోటోలోని అక్షరాలను గుర్తించే ప్రోగ్రాములు ఇప్పుడు ఉన్నా, సెర్చ్ ఇంజన్ ప్రధానంగా ఆధారపడేది టైపు చేసిన అక్షరాల మీదే. శీర్షిక "కొత్త పేజీ 1" అని ఉంది. మరే పేజీ నుంచీ దానికి లింకు లేదు. సాలీడు వచ్చే దారేది?

పిల్లలు మళ్లీ కూర్చున్నారు. తెలుగు అక్షరాల్లో మొత్తం టైపు చేశారు. జనం అడిగే మాటనే, "పాము కరిస్తే ఏం చేయాలి?" అని, శీర్షికగా పెట్టారు. ప్రతి బొమ్మ కింద అదేమిటో రాశారు. పాఠశాల పేజీ నుంచి లింకు ఇచ్చారు. డాక్టరు గారు తమ పేజీ నుంచి మరొకటి ఇచ్చారు. కొన్ని వారాలకు పేజీ కనిపించింది. మొదటి స్థానం కాదు, కాని వెతికినవారికి దొరికే చోట ఉంది.

ఒక్క మాట మరువకండి. సెర్చ్ ఇంజన్ సాక్షులను లెక్కపెడుతుంది కాని, డాక్టరు గారిలా ఒప్పూతప్పూ దిద్దదు. ఆరోగ్య విషయాల్లో నమ్మదగిన పేజీలను ముందుంచాలని కంపెనీలు ప్రయత్నిస్తున్నా పొరపాట్లు జరుగుతూనే ఉన్నాయి. పైన కనిపించే వాటిలో డబ్బు కట్టిన ప్రకటనలూ ఉంటాయి. కాబట్టి ముందున్నదల్లా నిజమనుకోకండి. రాసింది ఎవరు, వారికెలా తెలుసు అని అడగండి. పాముకాటు వేళ ఆ ప్రశ్న ఒక ప్రాణాన్ని నిలబెట్టవచ్చు.

మీరూ చేయండి: నాలుగు పేజీలు గీసి, మీకు తోచినట్లు బాణాలతో కలపండి. ప్రతి పేజీ నుంచి ఒక్క బాణమైనా బయటికి పోవాలి. తలా 25 మార్కులిచ్చి పదిసార్లు పంచి చూడండి. ఎవరు గెలిచారు? ఎందుకు?