వేగపు బొమ్మ పడవలు: మోటారు, బ్యాటరీ

చొప్పదండి యువకులు దిగువ మానేరు జలాశయమున బొమ్మ పడవను పరుగెత్తింపగోరినచో ముందు చేయవలసినది ఒక గుణకారము. బ్రష్షులు లేని మోటారుపై ‘2000 కె.వి.’ అని యుండును. అది కిలోవోల్టు కాదు; బరువు లేనప్పుడు ఒక్క వోల్టునకు నిమిషమునకు 2000 చుట్లని భావము. లిథియం పాలిమర్ ఘటము 3.7 వోల్టులు. నాలుగింటిని వరుసగా కూర్చినచో 29,600 చుట్లు. ఆరింటిని కూర్చినచో 44,400! ఆశపడరాదు. నీరు గాలివలె సులభముగా దారినీయదు. మోటారు అమితముగా విద్యుత్తును లాగి కాలిపోవును. దానిచుట్టు నీటి గొట్టము అమర్చుట అందులకే. బ్యాటరీపై ‘5 ఆంపియర్ గంటలు, 30 సి’ అన్న, 150 ఆంపియర్లని అంగడి లెక్క. నేను సగమే నమ్ముదును. ఉబ్బిన బ్యాటరీని ఛార్జి చేసిన ఇల్లే అంటుకొనవచ్చును. ఘటము 3 వోల్టులకు దిగకముందే పడవను మరలింపుడు. లోతున ఆగినచో ఈదబోక, గాలపు దారము విసరి లాగుకొనుడు.