నల్ల తామర వెల

పేకముక్కంత అట్టముక్క. పైసగంలో నల్లటి పువ్వు బొమ్మ, కిందిసగంలో రెండు మూడు వరుసల ఇంగ్లీషు. 2021 జనవరిలో ఈబే వేలంలో దాన్ని 5,11,100 డాలర్లకు ఎవరో పాడుకున్నారు. అప్పటి మారకం లెక్కన మూడున్నర కోట్ల రూపాయల పైమాటే. ఆ ముక్క పేరు బ్లాక్ లోటస్, అంటే నల్ల తామర. మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలోది.

ఈ ఆట మా ఇంటికి మా అబ్బాయి వెంట వచ్చింది. మేముండేది సియాటిల్ పక్కన. ఆటను అచ్చువేసే విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ ఆఫీసు రెంటన్‌లో, మాకు ఎంతో దూరం కాదు. శుక్రవారం సాయంత్రాలు వాణ్ణి కార్డుల షాపులో వదిలి, ఓ మూల కుర్చీలో పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. అద్దాల బీరువాకు తాళం, లోపల ఒక్కో కార్డు పక్కన ఒక్కో ధర చీటీ చూశాక పుస్తకం పక్కన పెట్టాను. ఎందుకింత ధర అని అడగడం మొదలుపెడితే, జవాబులు తిరిగి తిరిగి నాకు తెలిసిన పుస్తకాల లోకంలోకే తీసుకొచ్చాయి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆట సంగతి. మన రమ్మీలో అందరికీ కలిపి ఒకే పేక. ఇక్కడ ఎవరి పేక వాళ్లే పేర్చుకుని తెచ్చుకోవాలి, తక్కువలో తక్కువ 60 ముక్కలు. ఇద్దరు మాంత్రికుల మధ్య యుద్ధం. చెరి 20 ప్రాణాలు. వంతుకో ముక్క లాగాలి, వంతుకో భూమి కార్డు దించొచ్చు. భూమి నుంచి మానా అనే శక్తి పుడుతుంది. ఆ శక్తిని ఖర్చుపెట్టి జీవాల్ని పిలవాలి, మంత్రాలు వెయ్యాలి. మొదటి వంతులో ఒక మానా, రెండో వంతులో రెండు, అలా మెల్లగా పెరుగుతుంది. ఎవరూ తొందరపడటానికి వీల్లేదు, అదే ఆటకు తూకం.

నల్ల తామర ఆ తూకాన్ని తలకిందులు చేస్తుంది. దించడానికి ఖర్చేమీ లేదు. దించి, వెంటనే త్యాగం చేస్తే ఒకే రంగు మానా మూడు వచ్చిపడతాయి. అంటే నాలుగో వంతు దాకా ఆగాల్సిన పని మొదటి వంతులోనే అయిపోతుంది. ఎదుటివాడు ఇంకా చేతిలో ముక్కలు సర్దుకుంటూ ఉంటాడు.

దీనికి తోబుట్టువులు ఇంకో ఎనిమిది ఉన్నాయి. అన్నిటినీ కలిపి పవర్ నైన్ అంటారు. మన నవరత్నాల్లాగే అనుకోండి, అందులో ఐదు నిజంగానే నగల బొమ్మలు: మాక్స్ పెర్ల్, మాక్స్ సఫైర్, మాక్స్ జెట్, మాక్స్ రూబీ, మాక్స్ ఎమరాల్డ్. ముత్యం, నీలం, నల్లరాయి, కెంపు, పచ్చ. ఒక్కోటీ ఖర్చు లేకుండా దిగి, వంతుకో మానా ఇస్తూ ఉంటుంది. మిగిలిన మూడింటిలో యాన్సెస్ట్రల్ రీకాల్ ఒక్క మానాకు మూడు ముక్కలు లాగనిస్తుంది. టైమ్ వాక్ రెండు మానాలకు ఇంకో పూర్తి వంతు ఇస్తుంది. టైమ్‌ట్విస్టర్ అందరి చేతుల్లోవీ వాడేసినవీ కలిపి కలిపించి, తలా ఏడు ముక్కలు కొత్తగా పంచుతుంది.

ఇంత బలమైన ముక్కల్ని ఎవరైనా తెలిసి తెలిసి ఎందుకు తయారుచేస్తారు? ఇది నన్ను చాలా రోజులు తొలిచిన ప్రశ్న. ఆట కనిపెట్టిన రిచర్డ్ గార్ఫీల్డ్ గణితం మనిషి, కాంబినటోరిక్స్‌లో డాక్టరేట్. ఆయన మొదట వేరే ఆట పట్టుకుని పీటర్ ఆడ్కిసన్ దగ్గరకు వెళితే, అది అచ్చువెయ్యడం ఖరీదైన వ్యవహారం, తక్కువ ఖర్చుతో, ఎక్కడైనా కూర్చుని త్వరగా ఆడుకునేది ఏదైనా ఉందా అని ఆడ్కిసన్ అడిగాడు. అలా పుట్టింది మ్యాజిక్. గార్ఫీల్డ్ అంచనా ఏమిటంటే, ఒక్కొక్కరూ కొద్ది ప్యాకెట్లే కొంటారు. స్నేహితుల గుంపు మొత్తంలో ఒక తామర ఉంటే గొప్ప. అరుదుగా ఉండటమే దాని బలానికి కళ్లెం. పైగా మొదటి నిబంధనల్లో పందెం కూడా ఉండేది. ఆట మొదలయ్యే ముందు ఇద్దరూ చెరో ముక్క పక్కన పెట్టాలి, గెలిచినవాడు రెండూ తీసుకుపోవాలి. గోళీలాటలో గెలిచినవాడు జేబు నింపుకుపోయినట్టే. కార్డులు అలా చేతులు మారుతూ ఉంటాయని ఆయన ఊహ.

జనం అలా ఆగలేదు. పెట్టెలకు పెట్టెలు కొన్నారు.

1993 ఆగస్టులో వచ్చిన మొదటి ముద్రణను ఆల్ఫా అంటారు. బెల్జియంలోని కార్టా ముండి అచ్చాఫీసులో మొత్తం 26 లక్షల ముక్కలు వేశారు. అరుదైన కార్డుల్లో ఒక్కోటి సుమారు 1,100 మాత్రమే. కంగారులో రెండు కార్డులు అచ్చుకే పోలేదు. అవి ఆ వెంటనే వచ్చిన బీటా ముద్రణలో చేరాయి. బీటాలో అరుదైనవి ఒక్కోటి మూడు వేల పైచిలుకు. ఏడాది చివర్లో తెల్ల అంచుతో అన్‌లిమిటెడ్ వచ్చింది, అందులో ఒక్కోటి 18,500 దాకా. పవర్ నైన్ మామూలు ప్యాకెట్లలో దొరికింది ఆ మూడు ముద్రణల్లోనే. ఆల్ఫాను గుర్తుపట్టడం తేలిక, మూలలు మిగతావాటికన్నా గుండ్రంగా ఉంటాయి.

ఆ 1,100 తామరల్లో ఎన్ని బతికి ఉన్నాయి? అప్పట్లో అవి ఆడుకునే ముక్కలు. తొడుగుల్లేకుండా సిమెంటు గచ్చుల మీద, కాఫీ మరకల బల్లల మీద కలిపారు, పంచారు, రబ్బరు బ్యాండు వేసి సంచిలో పడేశారు. కొత్తగా ఉన్న ముక్కకు అంత ధర పలకడానికి కారణం ఇదే. ఇప్పుడు పీఎస్‌ఏ, బెకెట్, సీజీసీ లాంటి సంస్థలు మూలలు, అంచులు, పైపూత, బొమ్మ మధ్యకు పడిందా లేదా చూసి పదికి మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో శాశ్వతంగా మూసేస్తాయి. మొదట చెప్పిన తామరకు పదికి పది. డబ్బా మీద ఆ బొమ్మ వేసిన క్రిస్టఫర్ రష్ సంతకం. ఆయన 2016లో పోయాడు. ఆ చేతి నుంచి ఇంక కొత్త సంతకాలు రావు. 2024లో అంతకన్నా నిష్కళంకమైన ఒక ఆల్ఫా తామర ప్రైవేటుగా 30 లక్షల డాలర్లకు చేతులు మారిందని వార్త వచ్చింది. అరిగిపోయిన అన్‌లిమిటెడ్ తామరకైనా వేల డాలర్లు పెట్టాల్సిందే.

అయితే పాతదీ అరుదైనదీ అయినంత మాత్రాన దేనికీ ఇంత విలువ రాదు. మన అటకల మీద ఎన్ని పాత వస్తువులు లేవు! అసలు కీలకం ఒక వాగ్దానంలో ఉంది.

1995లో కంపెనీ క్రానికల్స్ పేరుతో పాత కార్డుల్ని మళ్లీ అచ్చేసింది. అంతకు ముందు ఎక్కువ ధర పెట్టి కొన్నవాళ్లూ, సరుకు నిల్వపెట్టుకున్న షాపులవాళ్లూ గగ్గోలు పెట్టారు. దాంతో 1996 మార్చిలో కంపెనీ ఒక జాబితా ప్రకటించింది, దాని పేరు రిజర్వ్‌డ్ లిస్ట్. అందులో ఉన్న కార్డుల్ని ఆటకు పనికొచ్చే రూపంలో ఇక ఎన్నటికీ అచ్చువెయ్యమని మాట ఇచ్చింది. పవర్ నైన్ మొత్తం ఆ జాబితాలో ఉంది. ఇప్పటికీ ఆ మాట నిలబెట్టుకుంటోంది.

ఇది చదివినప్పుడు నాకు ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ గుర్తొచ్చింది. పాత పుస్తకాల గుట్టల్లో మొదటి ముద్రణ ఏదైనా కనపడితే ప్రాణం లేచొచ్చేది. అదే పుస్తకం కొత్త ముద్రణ నవోదయలోనో విశాలాంధ్రలోనో దొరుకుతున్నా, ఆ పసుపు కాగితాల ప్రతి కోసం బేరమాడేవాళ్లం. కొత్త ముద్రణ రావడం వల్ల పాత ప్రతి గౌరవం తగ్గలేదు. నిజానికి మన బాధ ఎప్పుడూ ఇంకోటి, మంచి పుస్తకాలు మళ్లీ అచ్చుకావడం లేదని. ఇక్కడ మాత్రం మళ్లీ అచ్చువెయ్యకండి అని పట్టుబట్టి మాట తీసుకున్నారు. పుస్తకాల్లో ఇలాంటి ఒప్పందం ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. మొదటి ప్రతి ఉన్నవాడు తప్ప ఇంకెవరూ ఆ కథ చదవకూడదు!

అలా అని ఆ వాగ్దానాన్ని తీసిపారెయ్యలేను. దాన్ని నమ్మి డబ్బు పెట్టినవాళ్లున్నారు. ఒక కంపెనీ ముప్ఫై ఏళ్లుగా ఒక మాట మీద నిలబడటం చిన్న విషయం కాదు. దెబ్బ తగిలింది ఆడేవాళ్లకి. పవర్ నైన్‌ను పేకలో పెట్టుకోనిచ్చే పోటీ వింటేజ్, అందులో కూడా ఒక్కోటి ఒక్కటే. అసలు ముక్కలతో ఆ పోటీకి కూర్చోవాలంటే ఒక కారు ఖరీదు పైన బల్ల మీద పెట్టాలి. అంత పెట్టి కొన్నవాడు దాన్ని కలిపి పంచుతాడా? డబ్బాలో మూసి లాకరులో పెడతాడు. అంటే ఆటలో అన్నిటికన్నా బలమైన ముక్క ఆటలో కనబడటమే మానేసింది.

2022లో, ముప్ఫయ్యో వార్షికోత్సవం పేరుతో, కంపెనీ ఆ పాత కార్డుల్ని వెనకవైపు వేరేగా ఉండేట్టు, పోటీలకు పనికిరాకుండా అచ్చేసింది. నాలుగు ప్యాకెట్లు, మొత్తం 60 ముక్కలు, ఏవి వస్తాయో తెలియదు. ధర 999 డాలర్లు. ఆటగాళ్లు మండిపడ్డారు. అదే నవంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా, మాతృసంస్థ హాస్‌బ్రో షేరు రేటింగును తగ్గించింది. కార్డులు మరీ ఎక్కువగా అచ్చువేసి ఆటను నష్టపరుస్తున్నారన్నది వాళ్ల వాదన.

ఒక్కటంటే ఒక్కటే ఉన్న కార్డుల కథ వేరు. 1996లో ప్రపంచ పోటీ గెలిచిన ఆస్ట్రేలియా ఆటగాడు టామ్ చాన్‌ఫెంగ్‌కి ఇచ్చిన ట్రోఫీలో 1996 వరల్డ్ ఛాంపియన్ అనే కార్డు పొదిగి ఉంది. అలాంటిది ఇంకోటి లేదు. అదే ఏడాది టోక్యోలో పోటీల కేంద్రం ప్రారంభానికి ఏడుగురు అదృష్ట దేవతల పేరు మీద షిచిఫుకుజిన్ డ్రాగన్ ఒకే ఒక్కటి వేశారు. నాకు మాత్రం వీటికన్నా ప్రపోజల్ అనే కార్డు ఇష్టం. గార్ఫీల్డ్ తన స్నేహితురాలు లిలీ వూని పెళ్లికి అడగడానికి దాన్ని అచ్చువేయించి, తన పేకలో కలిపి ఆమెతో ఆటకు కూర్చున్నాడు. ముక్క వెంటనే చేతికి రాలేదు, ఆట మీద ఆట ఆడాల్సి వచ్చింది. చివరికి వచ్చింది, ఆమె ఒప్పుకుంది.

2023లో వచ్చిన వన్ రింగ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. టోల్కీన్ కథ ఆధారంగా వేసిన కార్డుల్లో, సౌరాన్ భాషలో రాసిన ఉంగరం కార్డు లోకం మొత్తానికీ ఒకటే వేసి, ఒక ప్యాకెట్లో దాచి వదిలారు. దొరికేలోపే లక్షల డాలర్లు ఇస్తామని షాపులు ప్రకటించాయి. కెనడాలో టొరంటో మనిషికి దొరికింది. గాయకుడు పోస్ట్ మలోన్ సుమారు 20 లక్షల డాలర్లకు కొన్నాడు. తామర అరుదైపోవడానికి ముప్ఫై ఏళ్లు ఆడిన చేతులు కారణం. ఉంగరాన్ని అరుదుగానే పుట్టించారు. రెండిటి ధరా లక్షల్లోనే, కానీ రెండూ ఒకటేనంటే నా మనసు ఒప్పుకోదు.

మా పరిచయస్తుల్లో ఒకాయన తొంభైల్లో ఇక్కడ ఎమ్మెస్ చేస్తూ ఈ ఆట నేర్చుకున్నారు. 1998లో ఊళ్లో నాన్నగారికి బాగా లేదని ఫోనొచ్చింది. టికెట్టుకు డబ్బుల్లేవు. ఒక తామర, మూడు మాక్సులతో సహా కార్డుల పెట్టె మొత్తం షాపులో ఇచ్చేసి విమానం ఎక్కారు. ఇప్పుడవి ఉండుంటే ఇంటి అప్పు తీరిపోయేది కదండీ అని మొన్న ఒక విందులో ఎవరో నాలిక చప్పరించారు. "ఆ రోజు వాటి విలువ ఒక టికెట్టు. నాక్కావలసింది కూడా అదేగా. నాన్న పదకొండు రోజులు నాతో మాట్లాడారు" అన్నారాయన. తరవాత పప్పు ఇటు జరపమని అడిగారు.

మీ ఇంట్లోనూ ఒక పాత అట్టపెట్టె ఉండి, అందులో ఇలాంటి ముక్కలు కనపడితే రెండు మాటలు. మూలలు నిటారుగా కోసినట్టుండి, వెనకవైపు బంగారు రంగు అంచు ఉంటే అది 1993 నాటి కలెక్టర్స్ ఎడిషన్. దానికీ ధర ఉంది కానీ బీటా ధర కాదు. మూలలు గుండ్రంగా కత్తిరించి అసలువని అంటగట్టేవాళ్లున్నారు. నకిలీని పట్టడానికి కార్డును మడిచి చూడమని కొందరు చెబుతారు, ఆ పని చెయ్యొద్దు. భూతద్దం చాలు. వెనకవైపు ఐదు రంగుల చుక్కల్లో ఆకుపచ్చదాన్ని చూస్తే లోపల నాలుగు ఎర్రచుక్కలు, ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో ఉండాలి.

ఇక మా ఇంటి తామర సంగతి. మా అబ్బాయి మామూలు కాగితం మీద ప్రింటు తీసి, పనికిరాని భూమి కార్డు ఒకటి వెనక పెట్టి, ప్లాస్టిక్ తొడుగులో దూర్చాడు. పువ్వు కాస్త బూడిదరంగులో వచ్చింది, ఇంకు అయిపోవచ్చింది మరి. మొన్న ఆదివారం వంటింటి బల్ల మీద నన్ను కూర్చోబెట్టి, మొదటి వంతులోనే దాన్ని దించాడు. "అమ్మా, త్యాగం చేసేశా" అన్నాడు. మూడో వంతుకి నా ప్రాణాలు ఇరవైకి ఇరవయ్యీ పోయాయి.