లెన్స్‌కి ఓ చూరు

సంక్రాంతి పొద్దున, విజయవాడ పటమటలో ఓ వీధి. కళ్లాపి చల్లిన నేల ఇంకా ఆరలేదు, నల్లగా ఉంది. దాని మీద తెల్లటి ముగ్గు, మధ్యలో గొబ్బెమ్మలు, వాటి మీద బంతిపూలు. ముగ్గు పక్కన కూర్చున్న మా అన్నయ్య కూతురికి ఫోటో తీశాను. సూర్యుడు ఫోటోలో లేడు, ఆ పిల్ల తలకి పైన, ఫ్రేమ్ అంచు దాటి ఉన్నాడు. అయినా ఫోటోలో నల్లటి నేల బూడిద రంగుకి తిరిగింది, బంతిపూలు వెలిసిపోయాయి. రెండోసారి ఎడమ చెయ్యి లెన్స్‌కి పైన అడ్డం పెట్టి తీశాను. నేల మళ్లీ నల్లబడింది, పూలకి రంగొచ్చింది. ఆ చెయ్యి చేసిన పని చెయ్యడానికే లెన్స్ హుడ్ ఉంది. లెన్స్ మూతి చుట్టూ బిగించే నల్లటి గొట్టం అది. పెంకుటింటికి చూరు ఎలాగో, లెన్స్‌కి హుడ్ అలాగ.

సూర్యుడు ఫోటోలో లేనప్పుడు నష్టమేమిటి అని అనుమానం రావచ్చు. ఫోటోలో లేకపోయినా ఎండ లెన్స్ ముందు గాజు మీద పడుతూనే ఉంటుంది. గాజు వచ్చిన వెలుగునంతా లోపలికి పోనివ్వదు. పూత లేని మామూలు గాజు ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం వెనక్కి కొడుతుంది. లెన్స్ అంటే ఒక్క గాజు కాదు, లోపల వరసగా పేర్చిన గాజుల దొంతర. ఆ దొంతరలో 20 ముఖాలున్నాయనుకుందాం. 100 పాళ్ల వెలుగు లోపలికి వెళ్తే, ప్రతి ముఖం దగ్గరా 4 శాతం పోగా చివరికి నేరుగా చేరేది 44 పాళ్లే. మిగిలినదాంట్లో కొంత బయటికి పోతుంది, కొంత గాజుల మధ్య అటూ ఇటూ కొట్టుకుని చివరికి ఫోటో మీదే పడుతుంది. దారితప్పిన ఆ వెలుగునే ఫోటోగ్రాఫర్లు ఫ్లేర్ అంటారు.

ఇప్పటి లెన్సులకి వెలుగుని వెనక్కి కొట్టడం తగ్గించే పూత ఉంటుంది కదా అంటారా? నిజమే. జర్మనీలోని జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా 1935లో ఆ పూత కనిపెట్టారు. హైదరాబాద్ నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ కన్నుమూసింది 1905లో, అంటే ఆయన పోయిన 30 ఏళ్లకి వచ్చిన సౌకర్యం ఇది. మంచి పూత ఉంటే ఒక్కో ముఖం వెనక్కి కొట్టేది అర శాతానికి తగ్గుతుంది. అదే 20 ముఖాల లెక్కలో 44కి బదులు 90 పాళ్లు చేరతాయి.

మరి హుడ్ ఎందుకు? సూర్యబింబం నీలాకాశం కన్నా లక్షల రెట్లు కాంతిగా ఉంటుంది. అంతటి వెలుగులో అర శాతం కూడా చిన్నది కాదు. పైగా ముందు గాజు మీది దుమ్మునీ వేలిముద్రనీ పూత ఏమీ చెయ్యలేదు. ఎండ పడితే అవి తెల్లగా మెరుస్తాయి. ఎండే పడకపోతే ఆ బాధే లేదు.

ఆ కాస్త వెలుగు ఫోటోని ఎంత పాడు చేస్తుందో ముగ్గుతోనే చూద్దాం. లెక్క కోసం ముగ్గు తెలుపు 80, తడినేల నలుపు 8 అనుకోండి. ముగ్గు నేల కన్నా 10 రెట్లు తెల్లన. ఫ్లేర్ వల్ల ఫోటో అంతటా మరో 8 కలిసిందనుకోండి. ముగ్గు 88, నేల 16 అవుతాయి. తేడా 10 రెట్ల నుంచి ఐదున్నర రెట్లకి పడిపోయింది. తెలుపుకి పెరిగింది పదో వంతే, నలుపు మాత్రం రెట్టింపయింది. గ్లాసుడు పాలల్లో చెంచాడు పాలు కలిపితే ఎవరికీ తెలియదు, అదే చెంచాడు డికాక్షన్‌లో కలిపితే రంగే మారిపోతుంది. ఫ్లేర్ దెబ్బ ఎప్పుడూ ముందు నలుపుకే తగులుతుంది.

తర్వాత ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఆ 8 తీసేసుకోవచ్చు కదా? కొంతవరకే. కలిసిన వెలుగు అంతటా సమానంగా ఉండదు, సూర్యుడున్న వైపు ఎక్కువ, అవతల తక్కువ. కొన్నిసార్లు మధ్యలో గుండ్రటి మచ్చలూ పడతాయి. నలుపుని సరిచేస్తే పిల్ల ముఖం రంగు మారుతుంది, ముఖం సరిచేస్తే పూలు పోతాయి. తీసేముందు పెట్టిన అడ్డు ఆ తిప్పలన్నీ తప్పిస్తుంది.

ఎప్పుడు జాగ్రత్త పడాలో తెలుసుకోవడానికి మీ పిడికిలి చాలు. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. సంక్రాంతి రోజుల్లో విజయవాడలో తెల్లవారిన గంటకి సూర్యుడు 13 డిగ్రీల ఎత్తులో, పిడికిలికి కాస్త పైన ఉంటాడు. డిసెంబరు మధ్యాహ్నం 50 డిగ్రీలు, అంటే ఐదు పిడికిళ్లు. మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం నడినెత్తిన ఉంటాడు. అప్పుడు కెమెరా నేలకి సమాంతరంగా పట్టుకుంటే ఎండ ముందు గాజుకి దాదాపు తగలదు. అందుకే లెన్స్‌కి రోహిణి కార్తె మధ్యాహ్నం కన్నా జనవరి పొద్దుటి నీరెండే ఎక్కువ ఇబ్బంది.

హుడ్ పెట్టినా ఫలితం లేదని కొందరు అంటారు. వాళ్ల మాటలోనూ నిజముంది. కెమెరాతో మామూలుగా వచ్చే 18-55 మిల్లీమీటర్ల జూమ్ తీసుకోండి. 18 దగ్గర అది నిలువుగా సుమారు 45 డిగ్రీలు చూస్తుంది, 55 దగ్గర 15 డిగ్రీలే. హుడ్‌ని 18కి తగ్గట్టు పొట్టిగా చేస్తారు, లేకపోతే ఫోటో మూలల్లో నల్లగా అదే కనిపిస్తుంది. వెడల్పు కిటికీ కోసం కట్టిన చూరు సన్న కిటికీకి చాలదు. ముగ్గు ఫోటో నేను 55లో తీశాను. ఫ్రేమ్ పై అంచు మధ్య నుంచి ఏడున్నర డిగ్రీల దగ్గర ముగిసింది, సూర్యుడు 13 దగ్గరున్నాడు. హుడ్ ఆపేది సుమారు 22 డిగ్రీలు దాటిన వెలుగుని. అందుకే అక్కడ చెయ్యే దిక్కయింది.

చెయ్యి ఎక్కడ పెట్టాలి? లెన్స్‌కి 30 సెంటీమీటర్లు, అంటే ఒక స్కేలు దూరంలో, ఫ్రేమ్ పై అంచు లెన్స్ నడిమికి 4 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. సూర్యుడి నుంచి లెన్స్ నడిమికి వచ్చే కిరణం 7 సెంటీమీటర్ల ఎత్తున వస్తుంది. ఈ రెంటి మధ్య సందు 3 సెంటీమీటర్లు, సుమారు రెండు వేళ్ల వెడల్పు. అరచేతి కింది అంచు ఆ సందులో, ఫ్రేమ్ అంచుకి దగ్గరగా ఉండాలి. గుర్తు సులువే: ముందు గాజు మీద చేతి నీడ పూర్తిగా పడాలి, ఫోటోలో చెయ్యి కనపడకూడదు.

కొన్ని హుడ్‌ల అంచు పూరేకుల్లా ఉండేది అందం కోసం కాదు. ఫోటో అడ్డంగా 3 పాళ్లు, నిలువుగా 2 పాళ్లు. పైకీ కిందికీ లెన్స్ తక్కువ చూస్తుంది కాబట్టి అక్కడ రేకు పొడుగు పెట్టవచ్చు. పక్కలకి ఎక్కువ చూస్తుంది కాబట్టి అక్కడ పొట్టి రేకు. వంకరగా బిగిస్తే పొడుగు రేకు ఫోటో మూలలోకి వస్తుంది, టిక్కుమని పడేదాకా తిప్పండి. కొనేటప్పుడు లెన్స్ పేరు చూసి దానికి చెప్పిన నంబరే అడగండి. కెనాన్ ఈఎఫ్-ఎస్ 18-55 ఎస్‌టీఎమ్‌కి ఈడబ్ల్యూ-63సీ, నికాన్ మొదటి 18-55 వీఆర్‌కి హెచ్‌బీ-45.

హుడ్ పనికిరాని చోట్లు రెండున్నాయి. పున్నమి ఘాట్‌లో సూర్యాస్తమయం తీస్తూ సూర్యుణ్ణే ఫ్రేమ్‌లో పెట్టుకుంటే ఏ చూరూ ఆపలేదు, ముందు గాజు శుభ్రంగా తుడుచుకోవడమే మార్గం. కెమెరాకి ఉన్న సొంత ఫ్లాష్ వాడితే ఫోటో అడుగున హుడ్ నీడ పడుతుంది, అప్పుడు తీసేయండి. రాత్రి మాత్రం ఉంచండి. బెంజ్ సర్కిల్‌లో పక్క నుంచి వచ్చే వీధి దీపాలు, హెడ్‌లైట్లు కూడా లెన్స్‌కి చిన్న సూర్యుళ్లే.

ఫోన్ వాడేవాళ్లకి హుడ్ ఉండదు, అరచెయ్యి ఉంటుంది. ముందు చొక్కా అంచుతో కాదు, మెత్తటి శుభ్రమైన గుడ్డతో లెన్స్ తుడవండి. తర్వాత చెయ్యి అడ్డం పెట్టండి.

మా వీధిలో చాలామంది కెమెరాల మీద హుడ్ వెనక్కి తిప్పి బిగించే ఉంటుంది. సంచిలో చోటు కలిసొస్తుందని అలా పెట్టుకుంటారు, బయటికి తీశాక ముందుకి తిప్పడం మరిచిపోతారు. వెనక్కి తిరిగిన హుడ్ ఏ ఎండనీ ఆపదు. రేపు పొద్దున్నే సూర్యుడు పిడికిలికి రెండింతల ఎత్తులో ఉండగా మీ గుమ్మం ముందు రెండు ఫోటోలు తీయండి, ఒకటి ఎండకి వదిలేసి, ఒకటి ముందు గాజు మీద నీడ పడేలా చేసి. రెండింటిలోనూ ముగ్గుని కాదు, ముగ్గు కింద నేలని చూడండి.