ఏనుగును చూడనన్న మా బావ

"ఏనుగును చూసేదానికి దుడ్లిచ్చి టిక్కెట్టు కొంటారా? మా చేని కాడికి రమ్మను, ఊరికే చూపిస్తా!"

బందీపురం అడవికి వెళదాం రమ్మని పిలిచినప్పుడు మా బావ అన్న మొదటి మాట ఇది. ఆయనది పలమనేరు ప్రాంతంలో అడవి అంచున వున్న పల్లె. అంతకు ముందు సంవత్సరం ఒక రాత్రి ఏనుగుల మంద వచ్చి, ఎకరం చెరుకు నమిలి, నీళ్ళ పైపులు తొక్కి, రెండు మామిడి చెట్ల కొమ్మలు విరిచి, తెల్లవారేసరికి ఏమీ ఎరగనట్టు అడవిలోకి వెళ్ళిపోయాయి. అప్పటినుంచీ ఆ ఇంట్లో వినాయక చవితినాడు తప్ప ఏనుగు మాట ఎత్తడానికి వీల్లేదు.

2024 ఏప్రిల్‌లో మైసూరులో బంధువుల పెళ్ళి తగిలింది. పెళ్ళయిన మరునాడు మా అక్కయ్య, "ఇంత దూరం వచ్చి గదిలో పడుకుంటావా?" అని గట్టిగా అడగడంతో బావ చొక్కా తొడుక్కున్నాడు. లోకంలో చాలా ప్రయాణాలు ఇలాగే మొదలవుతాయి.

మైసూరు నుంచి ఊటీ వెళ్ళే రోడ్డున, నంజనగూడు, గుండ్లుపేట దాటి సుమారు 80 కిలోమీటర్లు వెళితే బందీపురం. ఒకప్పుడిది మైసూరు మహారాజుల వేట అడవి. 1931లో అందులో కొంత భాగాన్ని వన్యమృగాలకోసం కేటాయించి, కొండమీద వెలసిన వేణుగోపాలస్వామి పేరు పెట్టారు. ఆ కొండ ఇప్పటికీ పొద్దున పూట మంచు ముసుగులో కనిపిస్తుంది. వేట బంగళాల కాలం పోయింది గాని, వేట పోలేదు. దేశంలో పులులు రెండు వేలకు లోపే మిగిలాయని 1972 లెక్కల్లో తేలాక ప్రభుత్వం కళ్ళు తెరిచింది. ఆ ఏడే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973లో పులుల రక్షణకు తొలివిడతగా ఎంచిన తొమ్మిది అడవుల్లో బందీపురం ఒకటి.

మధ్యాహ్నం మూడున్నరకు అటవీశాఖ బస్సు ఎక్కాం. డ్రైవరు కన్నడిగుడు, సరిహద్దు పల్లెల్లో పెరిగిన మా బావకు కన్నడం వచ్చు కనుక మాటలకు కొరత లేకపోయింది. 2023లో వానలు సరిగా లేక అడవి మాడి వుంది. టేకు చెట్లు ఆకులు రాల్చి ఎముకల్లా నిలబడ్డాయి. కుంటలు చాలామటుకు ఎండిపోయాయి. కొన్నిటికి మాత్రం సూర్యరశ్మితో నడిచే పంపులు పెట్టి బోరు నీళ్ళు నింపుతున్నారు.

దుప్పులు మందలుగా మేస్తున్నాయి. ఒక అడవి దున్న, కాళ్ళకు తెల్ల మేజోళ్ళు తొడిగినట్టు, మావంక చూసి నిర్లక్ష్యంగా తల తిప్పుకుంది. ఇంతలో చెట్టుమీది కొండముచ్చు ఒకటి ఖక్ ఖక్ మని దగ్గినట్టు అరిచింది. దుప్పులన్నీ తోకలు పైకెత్తి ఒకే దిక్కుకు చూశాయి. డ్రైవరు బస్సు ఆపి వేలు పెదవులమీద పెట్టుకున్నాడు.

పులి వచ్చింది. పరుగు లేదు, హడావుడి లేదు. సొంత ఇంట్లో వసారాలోంచి వంటింట్లోకి వెళ్ళినట్టు పొదలోంచి వచ్చి, దారి దాటి, అవతలి పొదలోకి వెళ్ళింది. పది అంకెలు లెక్కపెట్టేంత సేపు. కనుమరుగయ్యాక గాని మాకు ఊపిరి గుర్తు రాలేదు. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకటిగా వుండవట. చెట్లకు కట్టిన కెమెరాలు తీసిన బొమ్మల్లో ఆ చారలు పోల్చే ఇప్పుడు పులులను లెక్కిస్తారు. ఆ విధంగా మన దేశంలో 2006లో 1,411 అని తేలిన అంచనా 2022 నాటికి 3,682కు పెరిగింది.

"పులి మేలప్పా" అన్నాడు బావ మెల్లిగా, "చెరుకు తినదు."

పొద్దు వాలుతుండగా ఒక కుంట దగ్గర ఏనుగులు కనిపించాయి. ముందు ముసలి ఆడ ఏనుగు, వెనక మరి ఆరు, వాటి కాళ్ళ సందున ఒక గున్న. మందకు పెద్ద ఎప్పుడూ ఆడదే. ఏ కుంటలో ఏ నెలలో నీళ్ళుంటాయో, ఏ దారిన వెళితే మేత దొరుకుతుందో ఆమెకే తెలుసు. మగవి వయసు రాగానే విడిపోతాయి. మన ఏనుగుల్లో దంతాలు మగవాటికే వుంటాయి. ఆ దంతాలకోసమే ఈ ప్రాంతపు అడవుల్లో ఎన్నిటినో చంపారు. ఆ వ్యాపారంలో పేరు మోసిన వీరప్పన్ 2004లో పోలీసుల చేతిలో చనిపోయాడు.

బావ కిటికీకి ఆనుకుని వాటిని రైతు చూపుతో, సంతలో ఎద్దును చూసినట్టు చూశాడు. "డొక్క పడిపోయి ఉండాది" అన్నాడు. తరువాత చుట్టూ చూసి, రంగురంగుల పూలతో దట్టంగా అల్లుకున్న కంపను చూపించి, ఇవి దాన్ని తినవా అని డ్రైవరును అడిగాడు.

అది లాంటానా. పూలకోసమని తెల్లవాళ్ళు పరదేశాల నుంచి తెచ్చిన మొక్క. తోటలోంచి అడవిలోకి పాకి, కింద గడ్డి మొలవకుండా నేలంతా ఆక్రమించింది. ఏనుగు దాన్ని తినదు. పెద్ద ఏనుగుకు రోజుకు ఇంచుమించు 150 కిలోల మేత కావాలి.

బావ చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "కలుపు తీసే దిక్కు లేని చేను" అన్నాడు.

గున్న నీళ్ళు తాగడానికి తొండం వాడడం ఇంకా చేతకాక, మోకాళ్ళమీద వంగి నోరు నీళ్ళలో పెట్టింది. తల్లి ఒక కాలు అడ్డం పెట్టి అది జారకుండా ఆపింది. బస్సులో అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. నేను చూశానని తెలిసి మీసం సర్దుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డుమీద లారీలు గబగబా పోతున్నాయి. 2009 నుంచి రాత్రి తొమ్మిది మొదలు ఉదయం ఆరు దాకా ఈ అడవి రోడ్డు మూస్తారు, చీకట్లో జంతువులు బండ్ల కింద పడకుండా.

"అయితే బావా, కోపం తగ్గిందా?" అని అడిగాను.

"ఎట్లా తగ్గుతాదప్పా? దానికి మేత లేదు, సరే. నాకు మాత్రం ఎవరు పెడతారు? నా చెరుకు ఎవరు తెచ్చిస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. మన చిత్తూరు అడవుల్లో తరాల తరబడి ఏనుగులు లేవు. 1980ల్లో తమిళనాడు వైపు నుంచి మేత వెదుక్కుంటూ వచ్చాయి. 1990లో వాటికోసం కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. కానీ అడవి చిన్నది, చుట్టూ చేలు. రాష్ట్రాల సరిహద్దులు మన పటాల్లో వున్నాయి గాని వాటి తలల్లో లేవు. రాత్రంతా మంచెమీద కూర్చున్న రైతును దయగా వుండమనడం పట్నంవాడికి సులువే.

2025లో కర్ణాటక ప్రభుత్వం అడవి ఏనుగులను దారి మళ్ళించే నాలుగు కుంకీ ఏనుగులను మన రాష్ట్రానికి ఇచ్చింది. ఆ వార్త చదివి బావకు ఫోను చేశాను.

"వచ్చినాయంట. చూస్తాం" అన్నాడు. ఈ ఏడూ మంచె కట్టాడట, టపాకాయలూ కొన్నాడట. కాసేపు ఆగి, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు:

"ముందు లైటేసి చూస్తా. మందలో గున్న ఉంటే డబ్బా వాయిస్తా. టపాకాయ కాల్చను."