వయస్సు రాకముందే ముడుతలు

వజ్రపుకొత్తూరు మండలమందలి నువ్వలరేవు, మంచినీళ్లపేట తీరములలో మత్స్యకారుల వయస్సును ముఖమును బట్టి చెప్పుట కష్టము. నలువది యేండ్లవాడు అరువది యేండ్లవానివలె కానవచ్చును. కాని పంచెకట్టు మాటుననున్న వాని చర్మము మాత్రము నునుపుగనే యుండును. మనిషి యొక్కడే, వయస్సు నొక్కటే. ముడుతలన్నియు వయస్సు తెచ్చినవి కావనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

చర్మము లోపలిపొరలో కొల్లాజెన్ అను మాంసకృత్తుపోగులు కలవు. మంచమునకు నులక యెట్టిదో చర్మమునకు ఈ పోగులట్టివి. ఎండలోని అతినీలలోహిత కిరణములు వీనిని చెరచును. వీనిలో కొన్ని మబ్బును, కిటికీ అద్దమునుగూడ దాటి రాగలవు. అమెరికాలో ఇరువది యెనిమిదేండ్లు లారీ నడిపిన యొకనికి కిటికీవైపు చెంప మాత్రమే ముడుతలు పడిన వృత్తాంతము 2012లో ఒక వైద్యపత్రికలో వెలువడినది. సముద్రతీరమున ఈ బాధ మరింత హెచ్చు. పొడియిసుక ఈ కిరణములలో నూటికి 15 వంతులు, అలల నురుగు 25 వంతులు తిరిగి మనమీదికి త్రిప్పును.

2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపానులో ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు విశేషముగా నేలగూలినవి. చెట్టుతోపాటు నీడయు పోయినదని వేరుగ చెప్పనేల?

రెండవ శత్రువు పొగాకు. పొగ చర్మమునకు రక్తము పోవు సన్నని నాళములను కుదించును, కొల్లాజెనును క్షీణింపజేయును. మన తీరపు స్త్రీలలో చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని పీల్చు అడ్డపొగ అలవాటు కలదు. దీనివలన ముడుతలకంటె ఘోరమైన అంగిటి పుండ్లు, క్యాన్సరు కలుగును. ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో 10,169 మందిని పరీక్షించి ఈ అలవాటును, అంగిటి మార్పులను వివరించిన పరిశోధన 1971లోనే ప్రకటితమైనది. పెద్దలు చేయుచున్నదే గదా యని ఊరకుండుట తగదు.

నీరు మిక్కిలిగా త్రాగిన ముడుతలు పోవునను మాటకు తగిన ఆధారము లేదు. ఎండలో పనిచేయువారికి నీరు వేరొక కారణమున అత్యవసరము. మూత్రపిండముల వ్యాధి కలవారు మాత్రము ఎంత త్రాగవలెనో వైద్యునే అడుగవలెను. తెలుపు చేయునని అమ్ము కొన్ని క్రీములలో స్టెరాయిడ్లుండి చర్మమును పలుచబరచును. వానికి వెచ్చించు పైకముతో పొడవుచేతుల నూలుచొక్కా, వెడల్పు అంచు టోపీ కొనుట మేలు. ఆహారమున ములగాకు, ఉసిరి, బొప్పాయి చేరవలెను. తోటలలో కుళ్లిపోవు జీడిమామిడిపండులో నారింజకంటె పలురెట్లు సి విటమిను కలదు. వగరునకు ఉప్పు చాలును. జీడిపిక్కల కొట్టుపనివారికి పిక్కరసము చేతులను కాల్చును గనుక చేతితొడుగులు అవసరము.

పంచాయతీ సభ్యులు చేయదగినవి కొన్ని కలవు. పడవలు చేరు చోట, సంతలో నీడపందిరి వేయింపవచ్చును. తాగునీటి కుండ అచటనే యుండవలెను. ఉదయము పది గంటల నుండి మధ్యాహ్నము మూడు గంటల వరకు ఎండ తీక్షణము గనుక మట్టిపనులు వేకువనే ఆరంభింపజేయవలెను. 2003 నాటి చట్టము పదునెనిమిదేండ్లలోపు వారికిని, బడికి నూరు గజములలోపునను పొగాకు అమ్మకమును నిషేధించుచున్నది. బడి ప్రక్కనున్న కొట్టును ఒకమారు స్వయముగా చూచిరండు. అడ్డపొగ అలవాటు కలవారి అంగిట తెల్లమచ్చగాని, మానని పుండుగాని యున్నచో ఆశా కార్యకర్తకు తెలిపి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను.